నట్టు వదులు కాలేదు

కాలిన కారు ఆయిల్ పైపు నట్టు మీద స్పానర్ పెట్టి బలంగా తిప్పాను. కదల్లేదు. ఒక కాలు బంపర్‌కి తన్నిపెట్టి, రెండు చేతులూ వేసి మళ్లీ తిప్పాను. ఊహూ. పక్కన కాపలాగా నిలబడ్డ కానిస్టేబుల్ నాకు రెండింతలు ఉంటాడు. అతనికి స్పానర్ ఇస్తే మెడ నరాలు ఉబ్బేదాకా లాగి, "ఇది రాదు మేడమ్" అని తిరిగిచ్చేశాడు.

"చూసిన్రు గద సార్. నట్టు బిగుసుగనే ఉంది. గదే రాయున్రి," అన్నాను ఎస్సైతో.

ఎస్సై రాయలేదు. వాచీ చూసుకున్నాడు. "నాలుగింటికి మెకానిక్ పిలగాన్ని కోర్టుకు తోలాలె సునంద మేడమ్. మీ మీద గౌరవంతోని బండి ముట్టుకోనిచ్చిన. జర జల్దీ కానియ్యున్రి."

అప్పటికే రెండు దాటింది.

ఇబ్రహీంపట్నం స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పడి ఉన్న ఆ కారు రంగు ఒకప్పుడు తెలుపు. ఇప్పుడు వెనక డోర్ల దగ్గర తప్ప ఎక్కడా తెలుపు లేదు. ఇరవై ఏళ్ల నాటి నాలుగు సిలిండర్ల పాత బండి. బొంగులూరు కుర్రాడు సిద్ధార్థ ముచ్చటపడి దానికి టర్బో పెట్టించుకున్నాడు. పెట్టింది హరీశ్, శేరిగూడ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్.

టర్బో సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ వేగానికి ఒక చిన్న ఫ్యాను తిరుగుతుంది. ఆ ఫ్యాను బయటి గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి తోస్తుంది. ముసలి ఇంజన్‌కి పడుచు ఊపిరి వస్తుంది. కానీ గట్టిగా తోలితే, పొగ తగిలే ఇనుప డొప్ప కుంపట్లో బొగ్గులా ఎర్రబడుతుంది. దాని పక్కనుంచే చిటికెన వేలంత సన్నని ఆయిల్ పైపు పోతుంది. ఆ ఆయిల్ గనక డొప్ప మీద పడిందా, బండి బుగ్గే.

మొన్న సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద అదే జరిగింది. సిద్ధార్థ మంటల్లోంచి బయటపడ్డాడు గానీ, దవాఖానలో ఒక్క రోజే బతికాడు. కావాలనే ఆయిల్ కారేట్టు చేశాడని నిన్న హరీశ్‌ని పట్టుకొచ్చారు. హత్య కేసు.

నేను పదేళ్లు ఇన్సూరెన్స్ వాళ్లకు కాలిన బండ్లు, గుద్దుకున్న బండ్లు చూసిపెట్టాను. ఇప్పుడు ఒక జిరాక్స్ షాపు పైన సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు ఇంతకు ముందు ఎవరితోనైనా మాట ఉందా, ఇవే. ఈ కేసు మాత్రం కాశమ్మ కోసం తీసుకున్నాను. కాశమ్మ హరీశ్ తల్లి. మా గల్లీలో చేపలమ్ముతుంది. పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో కూలబడింది.

"బిడ్డా, నాకు వాడొక్కడే. నువ్వు కాలిన బండ్లు మస్తు చూసినవంట గద. నా కొడుకు గసుంటోడు కాదని జర చెప్పు," అంది.

చెబుతానని మాటిచ్చేశాను. మాటివ్వడానికి ఖర్చేముంది!

"ఏం మేడమ్, ఇంక నట్టు కాడనే ఉన్నరా?"

వెనక్కి తిరగకుండానే గొంతు గుర్తుపట్టాను. ధర్మేందర్. ఇప్పుడు సిటీలో ఇతనిది పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీ. సిద్ధార్థ తండ్రి తెచ్చుకున్నాడు. ఇన్సూరెన్స్‌లో ఉన్నప్పుడు నేను రాసిన రిపోర్టులు ఇతని టేబుల్ మీదకి పోయేవి, అక్కడినుంచి ఇతని పేరుతో పైకి పోయేవి. అప్పుడూ నన్ను మేడమ్ అనే పిలిచేవాడు.

"నట్టు వదులుగ పెట్టిండని రిపోర్టు రాసినవ్ గద. వచ్చి తిప్పి చూడు," అని స్పానర్ చాచాను.

అతను అందుకోలేదు. ఇస్త్రీ చొక్కాకి మసి అంటుతుందని భయం కాబోలు.

"నట్టు కాకపోతే పైపు కోసిండు. పైపు కాకపోతే ఇంకోటి. ఆయిలైతే కారింది. బండి మీద చెయ్యి పెట్టింది ఎవలు? గొడవ పడ్డది ఎవలు? షెడ్డు ముంగట చాయ్ హోటలామె చెప్పింది. సిద్ధార్థ కాలర్ పట్టుకోని 'చస్తవ్ రా, చెప్తున్న' అని ఒర్రిండంట మీవోడు."

"ఎందుకు ఒర్రిండో అడిగినవా?"

"మీరడిగిన్రా?"

"అడిగిన. టర్బో గాలి ఒత్తిడి ఇంక పెంచుమని సిద్ధార్థ ఒకటే సతాయించిండు. పాత ఇంజన్ తట్టుకోదు, పెంచితే చస్తవ్ అన్నడు హరీశ్. అది బెదిరిచ్చుడు కాదు, బుద్ధి చెప్పుడు."

"హరీశ్ గట్లనే చెప్తడు మేడమ్. విన్నోడు సచ్చిపోయిండు గద. మరి సాక్షి ఎవలు?"

ఒళ్లు మండిపోయింది. పొద్దుటినుంచీ ఇదే వరస. నేనొక తలుపు తెరవడం, వీడొచ్చి దాని వెనక ఇంకో తలుపు మూయడం.

"ఇంకో సంగతి," అన్నాడు ధర్మేందర్, ఎస్సైకి కూడా వినపడేలా. "హరీశ్ రెండు బండ్లు చేసిండు. ఇదొకటి, సిద్ధార్థ దోస్తు రోహన్‌ది ఒకటి. అదే ఇంజన్, అదే టర్బో, అదే పైపు. రోహన్ బండికి ఏం కాలే. ఇయ్యాల దాన్ని బొంగులూరు కాడ ఔటర్ ఎక్కిచ్చి ఫుల్ స్పీడ్ల తోలిపిస్తున్న. లోపల కెమెరా పెట్టినం. అది సాఫుగ నడిస్తే పనిల తప్పు లేనట్టే గద. మరి ఈ బండి ఎట్ల కాలింది? కావాలని కాల్చిందే. వీడియో జడ్జికి ఇస్త."

ఆలోచన తెలివైనదే. అందుకే ఇంకా మండింది. "గంత నమ్మకముంటే నువ్వు గూడ పక్కన కూసో!" అన్నాను.

"కూసుంట," అని నవ్వాడు. "తోలేది రోహన్, పక్క సీటు నాది. మీరు ఈడ నట్లు తిప్పుకుంట ఉండున్రి."

వెళ్లిపోయాడు. స్పానర్ పక్కన పడేసి, ఆయిల్ పైపు చివర చేత్తో పట్టుకుని చూశాను.

కోసిన పైపు అంచు నున్నగా ఉంటుంది. ఇది పీలికలు పీలికలుగా ఉంది. పైగా బయట పూర్తిగా మాడిపోయి, లోపలి పొర అక్కడక్కడా మెత్తగానే మిగిలింది. లోపలినుంచి ఆయిల్ కారి అంటుకుంటే ఇలా ఉండదు. బయట మంట ముందు పుట్టింది. అది పైపును తినేసింది. ఆయిల్ ఆ తర్వాత కారింది. ఇదంతా ఎస్సైకి వేలు పెట్టి చూపించాను.

అతను శ్రద్ధగానే విన్నాడు. "సరే మేడమ్. మరి మొదటి మంట యాడికెళ్లి వచ్చింది?"

మంచి ప్రశ్న. నాకూ అదే కావాలి.

డొప్ప వేడి పైపుకి తగలకుండా హరీశ్ మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టాడు. రేకు వెనక, డొప్ప వైపు, చెయ్యి దూరదు. ఫోన్ లైటు వేసి, పొడుగు పటకారు లోపలికి పోనిచ్చి తడిమాను. మసి, మసి, ఇంకా మసి. రేకు మడతలో ఏదో గట్టిగా తగిలింది. మెల్లగా పట్టి లాగాను.

రూపాయి బిళ్ల.

నల్లగా మాడిపోయింది. దాని చుట్టూ బట్ట మడత బూడిదై అంటుకుపోయింది. గోటితో గీకితే, బిళ్లకూ మడతకూ నడుమ చిక్కుకుని కాలకుండా మిగిలిన పీలిక కనపడింది. గోరంత ఉంది. పసుప్పచ్చగా ఉంది. బిళ్ల అంచున ఆకుపచ్చ చుక్క ఒకటి కరిగి గడ్డకట్టింది.

"అమ్మో, ముడుపు!" అని కానిస్టేబుల్ గబగబా లెంపలు వేసుకున్నాడు.

నాకు నిజంగా ఎగరాలనిపించింది. కుంపటి పక్కన బట్ట కట్టి, ఆ కుంపటిని ఔటర్ మీద పరిగెత్తిస్తే ఏమవుతుంది? బట్ట అంటుకుంటుంది, పైపు కాలుతుంది, ఆయిల్ కారుతుంది. ఎవరో భక్తితో కట్టారు, ఎవరూ హత్య చేయలేదు. హరీశ్ బతికిపోయాడు.

"సిద్ధార్థ ఇంట్లోళ్లు కట్టి ఉంటరు సార్. పాపం, తెల్వక," అన్నాను.

ఎస్సై అక్కడే నిలబడి సిద్ధార్థ తండ్రికి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు ఊ కొట్టి పెట్టేశాడు. "బండి వాళ్లింటికే పోలేదంట మేడమ్. షెడ్డు కాడ తీసుకున్నడు, సక్కగ ఔటర్ ఎక్కిండు. ఇంట్లోళ్లు దాన్ని కండ్లతోని చూడనే లేదు."

అంటే షెడ్డులోనే కట్టారు. మరైతే హరీశ్‌నే అడగాలి.

లోపలి గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు హరీశ్. నన్ను చూడగానే లేచాడు. "అక్కా, నేను రెండుసార్లు బిగిచ్చిన. కదిలితే తెలవాలెనని నట్టు మీద పెయింటుతోని గీత గూడ గీసిన. నువ్వన్న నమ్ము అక్కా."

"నమ్మేదేముందిరా, నేనే తిప్పి చూసొచ్చిన. బిగుసుగనే ఉంది."

పొద్దుటినుంచి ఆ మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. "ఉందా? అయితే ఇడుస్తరా అక్కా? అమ్మ బయటనే కూసున్నదంట, పొద్దటికెళ్లి ఏం తినలేదంట."

"ఇడుస్తరు. ఒక్క ముచ్చట చెప్పు. ఇది టర్బో ఎనక దొరికింది. ఎవలు కట్టిన్రో ఎరుకేనా?" అని చేతి రుమాలు విప్పి చూపించాను.

ముందు బిళ్లను చూశాడు. తర్వాత అంచున ఉన్న ఆకుపచ్చ చుక్కను చూశాడు. వేలు చాచి దాన్ని తాకాడు. అంతే, నేను ఇందాక చూసిన వెలుగు మొత్తం పోయింది. మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, అది పారెయ్."

"ఎందుకురా? నిన్ను ఇడిపిచ్చేదే ఇది."

"పారెయ్ అక్కా. నేనే చేసిన. నట్టు వదులుగ పెట్టిన."

"నట్టు బిగుసుగ ఉందని ఇప్పుడే చెప్పిన గద!"

"అయితే పైపు కోసిన."

"పైపు కోసింది కాదు, కాలింది. పిచ్చి లేసిందా నీకు?"

"ఏదో ఒకటి చేసిన అక్కా! నాకు వానిమీద కోపముండె. రాసుకోమను. జడ్జి ముంగట గూడ గిదే చెప్త." రెండు చేతులూ జోడించాడు. "ఆ బిళ్ల మటుకు ఎవలకు చూపియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

గుమ్మంలో ఎస్సై నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కానీ జడ్జి ముందు కూడా ఇదే పాట పాడతానంటున్న మనిషిని ఎవరు కాపాడతారు? తాను చేయలేదని ఏడ్చినవాడు, చేయలేదనడానికి రుజువు చూపించగానే చేశానంటున్నాడు! నా పదేళ్ల సర్వీసులో ఇలాంటిది చూడలేదు. ఏం చేయాలో తోచక బయటికి వచ్చేశాను.

స్టేషన్ గేటు దగ్గర చేపల గంప బోర్లించి ఉంది. దాని పక్కన కాశమ్మ మోకాళ్ల మీద కూర్చుని గేటు ఊచకి ఏదో కడుతోంది. దగ్గరికి వెళ్లాను. పసుపు బట్ట. మడతలో రూపాయి బిళ్ల. పైన చుడుతున్నది ఆకుపచ్చ నైలాన్ దారం. ఒక ముడి వేసింది, రెండో ముడి వేసింది.

చేతిలో ఉన్న రుమాలును పిడికిలి బిగించి వెనక్కి దాచుకున్నాను.

"ఏం జేస్తున్నవ్ కాశమ్మా?" అన్నాను.

"మైసమ్మ తల్లికి ముడుపు కడుతున్న బిడ్డా. కొడుకు సల్లగ ఇంటికొస్తే కోడిని కోస్తనని మొక్కుకున్న."

"గా దారమేంది?"

"వల దారం. నూలు దారం తెగుతది, గిది తెగది. మా ఇంట్ల అన్నిటికి గిదే."

హరీశ్ ఆ చుక్కను ఎందుకు తాకాడో ఇప్పుడు తెలిసింది. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది. అడిగాను.

"హరీశ్ చేసిన బండికి గూడ కట్టినవా?"

కాశమ్మ స్టేషన్ వైపు చూసి గొంతు తగ్గించింది. "వానికి చెప్పకు, తిడతడు. నిమ్మకాయలు గిట్ల బంపర్‌కు కట్టుకో, ఇంజన్ల ఏం పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిండో. కని గా పిలగాళ్లు గాలి లెక్క తోలుతరు బిడ్డా! బంపర్‌కు కడితే ఉంటదా? వాడు బువ్వ తింటుంటె చూసి, కొత్తగ పెట్టిన సామాను ఉంటది చూడు, నత్తగుల్ల లెక్క, దాని పక్కన సన్న పైపుకు కట్టిన. వానికి కనపడకుంట రేకు ఎనకకు నూకిన."

రుమాలున్న పిడికిలి ఇంకా బిగించాను. ఆవిడే మళ్లీ అంది.

"గంత మొక్కినా గా పిలగాడు సచ్చిపాయె. మూడు ముళ్లు ఎయ్యాలె. హరీశ్ చెయ్యి కడుక్కుంటున్న సప్పుడైతె ఆగమాగమై రెండే ఏసిన బిడ్డా. అందుకే తల్లి ఒప్పుకోలేదేమో. రాత్రంత గదే రంది."

ఆవిడ కళ్లలో నీళ్లు. నా కళ్లలోనూ తిరిగాయి. ఈ బిళ్ల తీసుకెళ్లి ఎస్సై టేబుల్ మీద పెడితే కొడుకు ఇంటికొస్తాడు. కానీ సిద్ధార్థను చంపింది తన చేతి ముడి అని ఈ తల్లికి తెలిసిపోతుంది. పెట్టకపోతే కొడుకు జైలుకి పోతాడు. వాడు ఏది కోరుకున్నాడో లోపల చెప్పేశాడు. నేను ఇచ్చిన మాట ఇటు లాగుతోంది, వాడు పెట్టిన దండం అటు లాగుతోంది. జీవితంలో మొదటిసారి, నిజం దొరికినందుకు ఏడుపొచ్చింది.

"రెండోదానికైతే మంచిగ మూడు ముళ్లు ఏసిన," అంది కాశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"రెండోదా?"

"గదే, రోహన్ బాబు బండి. ఇద్దరు పిలగాళ్లాయె. ఒకనికి కట్టి ఒకనికి కట్టకపోతె పాపం గాదా? అందుకే వానికి ఏం కాలే, చూడు."

రోహన్‌కి ఏమీ కాకపోవడానికి కారణం మూడు ముళ్లు కాదు. కొత్త పని, కొన్నాళ్లు మెల్లగా తోలమన్న తన మాట రోహన్ విన్నాడని పొద్దున హరీశే చెప్పాడు. డొప్ప ఎర్రబడేంతగా ఎప్పుడూ తొక్కలేదు. ఇవాళ్టిదాకా.

పక్కన కూర్చోమని ధర్మేందర్‌ని రెచ్చగొట్టింది నేనే.

ఫోన్ తీసి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. "సార్! ఎస్సై సార్!" అని లోపలికి అరుస్తూనే మళ్లీ చేశాను. ఎత్తలేదు. రోహన్ నంబరు నా దగ్గర లేదు. ఎస్సై పరుగున వచ్చాడు. "రోహన్ బండి ఆపాలె సార్, ఔటర్ మీదున్నది, దాంట్ల గూడ ఉంది" అన్నాను. మిగతాది అడగకుండా అతను వైర్‌లెస్ వైపు పరిగెత్తాడు. మూడోసారి చేశాను. ఎత్తాడు.

"ఏం మేడమ్, నట్టు ఊడొచ్చిందా?" గాలి హోరులో ధర్మేందర్ నవ్వు. ఆ హోరు వెనక సన్నని ఈల. టర్బో ఈల. "నూట ఇరవై మీదున్నం. ఇంతసేపటికెళ్లి తొక్కుతనే ఉన్నడు. ఏం కాలే. విన్రి గా సప్పుడు!"

"ధర్మేందర్, బండి ఆపు! ఆపి ఇద్దరు దిగి దూరం ఉరుకున్రి. బానెట్ మటుకు తెరవొద్దు. వినపడుతుందా?"

"ఓడిపోయిన అని చెప్పున్రి, ఆపిపిస్త."

"ఓడిపోయిన! అవ్, నేను ఓడిపోయిన! నీకు దండం పెడ్త, ఆపు!"

నవ్వు ఆగింది. నేను అలా ఎప్పుడూ అనలేదు, అతనికి తెలుసు. "ఏమైంది?" అన్నాడు, ఈసారి మేడమ్ లేకుండా.

నేను నోరు తెరిచేలోపు అవతల దూరంగా ఇంకో గొంతు వినపడింది. కుర్ర గొంతు. "అన్నా, బట్ట కాలుతున్న వాసనొస్తుంది గద?"

తర్వాత టైర్లు కీచుమన్నాయి. ఏదో గట్టిగా తగిలింది. గాలి హోరు ఆగిపోయింది. ఫోన్ కట్ కాలేదు, అందులో మనిషి గొంతు మాత్రం లేదు.

"ధర్మేందర్! ధర్మేందర్!"

కాశమ్మ నా చున్నీ పట్టుకుంది. "రోహన్ బాబుతోనా మాట్లాడుతున్నవ్ బిడ్డా? మంచిగున్నడా? అడుగు జర."

ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ జవాబు కోసం నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, గేటుకి కట్టిన ముడుపుకి మూడో ముడి వేసి, లాగి చూసుకుంది. బిగుసుగానే ఉంది.